"రైళ్ల గురించి మాత్రమే" అనే నియమం ఎందుకు నిలవదు

ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపురం, టెక్కలి, బరంపురం చుట్టుపక్కల రైలంటే ప్రాణం పెట్టే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. హారన్ విని ఏ ఇంజనో చెప్పేవాళ్లు, పాత టైంటేబుళ్లు, అట్ట టిక్కెట్లు దాచుకున్నవాళ్లు, రిటైరైన గార్డులు, రైల్వే పరీక్షలకు చదువుతున్న కుర్రాళ్లు. వీళ్లంతా ఇప్పుడు కలుసుకునేది వాట్సాప్ గ్రూపుల్లోనే. ఆ గ్రూపుల వివరణలో దాదాపు ప్రతిచోటా ఒక వాక్యం కనిపిస్తుంది: "రైళ్లకు సంబంధించినవి మాత్రమే పెట్టండి." ఆ వాక్యం చుట్టూనే గొడవలు లేస్తాయి. ఎక్కువ తెలిసిన మనిషే నొచ్చుకుని వెళ్లిపోతాడు, ఆయనతో పాటు ఆయనకు తెలిసినదంతా పోతుంది. ఒక నేరోగేజ్ (సన్న పట్టాల లైను) గార్డు గ్రూపు వదిలేస్తే ఆయన చెప్పగలిగిన సంగతులు మరొకరెవరూ చెప్పలేరు. అందుకే దీన్ని కాలక్షేపం గొడవగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

గుడ్ మార్నింగ్ బొమ్మలు, లోన్ లింకులు, సినిమా ట్రైలర్లు తీసేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పేచీ వచ్చేదల్లా రైలుతో మొదలై మరో చోటికి చేరే మాటల దగ్గరే. మా వైపు తరచూ జరిగేదాన్నే తీసుకుందాం.

ఎవరో నౌపడ–గుణుపురం నేరోగేజ్ బండి ఫొటో పెడతారు. పట్టాల మధ్య రెండున్నర అడుగుల వెడల్పే ఉన్న చిన్న రైలు అది. ఏ స్టేషన్లో తీశారు, ఏ ఇంజన్, ఏ సంవత్సరం అని అడుగుతారు. ఇంతవరకూ అందరూ సంతోషంగానే ఉంటారు. తర్వాత ఒక కుర్రాడు అడుగుతాడు: "అసలు ఇంత చిన్న ఊరికి అంత పాత రోజుల్లో రైలు ఎలా వచ్చింది?" జవాబు చెప్పాలంటే పర్లాకిమిడి రాజావారి దగ్గరికి వెళ్లాల్సిందే. 1890ల్లో తీరం వెంట మెయిన్ లైను పడినప్పుడు అది నౌపడ మీదుగా పోయింది, పర్లాకిమిడి పక్కకు మిగిలిపోయింది. గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ తన రాజధానిని ఆ లైనుకు కలపడానికి సంస్థానం తరఫున రైలు వేయించారు. 1900లో అది నడవడం మొదలుపెట్టింది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, 1931 నాటికి ఆ పని పూర్తయింది. అంటే ఈ లైను కథ చెప్పడమంటే సంస్థానం కథ చెప్పడమే.

సంస్థానం పేరు వచ్చాక 1936 రాక తప్పదు. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది, జమీందారీలో చాలా భాగం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. పక్కపక్కనే ఉన్న పాతపట్నం, పర్లాకిమిడి స్టేషన్ల మధ్య రాష్ట్ర సరిహద్దు వచ్చి పడింది. దశాబ్దాల పాటు పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు ఆ ఊరు వదిలి రాజమండ్రికి చేరుకున్నది అప్పుడే. ఈ సంగతి తెలిసిన పెద్దమనిషి ఎవరో గ్రూపులో ఉంటారు, చెప్పకుండా ఉండలేరు. ఒడియా మిత్రులు దానికి బదులిస్తారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది న్యాయంగా దక్కిన ఊరు, గౌరచంద్ర కొడుకు కృష్ణచంద్ర గజపతి పోరాటంతో వచ్చిన రాష్ట్రం. అరగంటలో ఫొటో ఎక్కడో పైకి పోతుంది. కింద "మీవాళ్లు", "మావాళ్లు" అనే మాటలు మిగులుతాయి.

అప్పుడు అడ్మిన్ వస్తాడు. "మాస్టారూ, ఇది రైళ్ల గ్రూపండి, ఆ మాటలు వద్దండి" అంటాడు. మాస్టారు నొచ్చుకుంటారు: "నేను మాట్లాడింది రైలు గురించే కదా నాయనా!"

ఆయన మాటలో నిజం ఉంది. ఎక్కడ దారి తప్పారని వెనక్కి వెళ్లి వెతికితే ఒక్క చోట కూడా గీత కనిపించదు. ఇంజన్ నుంచి లైనుకు, లైను నుంచి రాజావారికి, అక్కడి నుంచి సరిహద్దుకు, ఒక్కో అడుగూ ముందు అడుగుకు సంబంధించినదే. అయినా మొదటి మెసేజినీ చివరి మెసేజినీ పక్కపక్కన పెడితే వాటికి పొంతన ఉండదు. ఒక్కొక్క మెసేజిని విడిగా తీసుకుని ఇది విషయంలో ఉందా లేదా అని తేల్చబోయే అడ్మిన్ ఎప్పుడూ ఓడిపోతాడు. మెసేజిల్లో ఎవరూ తప్పు చేయలేదు, మాట నడిచిన తీరు మాత్రం తప్పింది. నా ఉద్దేశంలో ఇక్కడ పనికొచ్చే ప్రశ్న వేరు: ఈ మాటకు జవాబివ్వడానికి రైళ్ల గురించి తెలిసి ఉండాలా? రాజావారి లైనుకు డబ్బు ఎలా సమకూరింది, మొదట్లో ఎందుకు నష్టాలొచ్చాయి అంటే రైళ్ల చరిత్ర తెలిసినవాళ్లే చెప్పాలి. 1936లో న్యాయం జరిగిందా అన్నదానికి మాత్రం ఎవరైనా జవాబివ్వగలరు. అందుకే దాని మీద అందరూ పడతారు, ఇంజన్ గురించి తెలిసిన ఇద్దరు ముగ్గురూ నోరు మూసుకుంటారు.

ఈ ప్రశ్నను ఇప్పటి పెద్ద తగాదా మీద పెట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద విభాగం) ఇస్తున్నట్టు 2019 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించింది. అప్పటినుంచి, మా లైన్లన్నీ చూసే విశాఖలోని వాల్తేరు డివిజన్ ఏమవుతుందన్న టెన్షన్ మా ప్రాంతాన్ని వదల్లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం తేల్చిన ప్రకారం ఆ డివిజన్ రెండు ముక్కలవుతుంది. సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌కి, సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌గా, భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వే జోన్‌కి. ఇనుప ఖనిజం మోసే కొత్తవలస–కిరండూల్ లైను అరకుతో సహా రాయగడకు వెళ్తుంది. రాజావారు వేయించిన మన చిన్న లైను కూడా చీలింది: నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖపట్నం డివిజన్, పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా రాయగడ డివిజన్. మొత్తం కలిపితే తొంభై కిలోమీటర్ల లైను, రెండు జోన్లు.

ఇది రైళ్ల సంగతా, రాజకీయమా? రెండూ. ఒకే విభజన మీద గ్రూపులోకి వచ్చే మాటలు గమనించండి. గుణుపురం బండికి డ్రైవర్లు, గార్డులు ఎక్కడ మారతారు, పట్టాల మరమ్మతు ఎవరి బాధ్యత, బండి లేటైతే ఆ లెక్క ఏ డివిజన్ ఖాతాలో పడుతుంది, కొత్త బండి కావాలంటే అర్జీ ఎవరికి పెట్టాలి: ఇవన్నీ బంగారం లాంటి ప్రశ్నలు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు తప్ప మరొకరు చెప్పలేరు. "ఆదాయమంతా వాళ్లకు దోచిపెట్టారు", "ఇన్నాళ్లూ మీరే తిన్నారు" అనే మాటలకు ఏ జ్ఞానమూ అక్కర్లేదు. జోన్ అన్న మాట వినపడగానే "నో పాలిటిక్స్" అని మూసేసే అడ్మిన్ ఈ రెండింటినీ ఒకే దెబ్బకు చంపేస్తాడు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. కోపం ఒకరికొకరు విడిగా పంపుకునే మెసేజిల్లోకి పోతుంది, జ్ఞానం మాత్రం ఎక్కడికీ పోకుండా ఆగిపోతుంది.

నియమం మీద పట్టు పట్టేవాళ్లకు చాదస్తమని పేరు పెట్టడం అన్యాయం. వాళ్ల బాధకు కారణం ఉంది. ఇలాంటి గ్రూపుల్లో రెండు రకాల అవసరాలతో మనుషులు చేరతారు. ఒకరికి కావలసింది భద్రపరిచే చోటు. రేపు కాశీనగర్ స్టేషన్ పాత ఫొటో కావాలంటే వెతికితే దొరకాలి, 2004లో నేరోగేజ్ ఆగిపోయిన రోజుల ముచ్చట్లు, 2011లో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) బండి వచ్చిననాటి వీడియోలు ఒకచోట ఉండాలి. మరొకరికి కావలసింది తోడు. రిటైరయ్యాక పలకరించేవాళ్లు తగ్గిపోయారు, తన భాషలో, తన పిచ్చి అర్థమయ్యేవాళ్లతో నాలుగు మాటలు కావాలి. మొదటివారికి "టిఫిన్ అయిందా అన్నా" అనేది చెత్త. రెండోవారికి గ్రూపులో చేరిందే దానికోసం. వీళ్లు ఒకరికొకరు అవసరం. పలకరింపులు లేని చోట రిటైరైన గార్డు నెల రోజులు కూడా ఉండడు. ఆయన లేకపోతే భద్రపరచడానికి సరుకే ఉండదు. నా మొగ్గు ఎటు అని అడిగితే, కొంచెం తోడు వైపే. వెతకడానికి కష్టమైనా ఉన్నది దొరుకుతుంది, చెప్పని సంగతి ఎంత వెతికినా దొరకదు.

విషయం దాటొద్దనే కట్టుబాటు ఇప్పటిది కాదు. 1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పేరుతో ఇంటర్నెట్ మర్యాదల పత్రం ఒకటి వచ్చింది. విషయం వదిలి వెళ్లొద్దని, చేరగానే రాయకుండా ఒకటి రెండు నెలలు చదివి అక్కడి తీరు తెలుసుకోమని అందులో ఉంది. అప్పట్లో కనెక్షన్‌కు డబ్బు ఎక్కువ, అక్కర్లేని మాట వచ్చిందంటే చదివేవాడి జేబుకే చిల్లు. ఇప్పుడు డేటా చవక, డబ్బు లెక్క పోయింది. దాని బదులు మనసు ఖర్చవుతోంది. ఫోన్ మోగగానే ఏదో బండి సంగతి వచ్చిందని ఆశగా తీస్తాం. నాలుగుసార్లు తీసి నాలుగుసార్లూ పండగ బొమ్మ కనిపిస్తే ఐదోసారి గ్రూపును మ్యూట్‌లో పెడతాం. ఆ తర్వాత అసలు సంగతి వచ్చినా చూడం. విషయం దాటిన మెసేజి వల్ల జరిగే నష్టం అదే: తర్వాత వచ్చే మంచి మెసేజికి చదివేవాళ్లు ఉండరు.

మా సరిహద్దు గ్రూపుల్లో ఈ ఖర్చు మరో రకంగా పెరుగుతుంది. పర్లాకిమిడిలో, బరంపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మీడియంలో చదువుకున్నవాళ్లు ఎంతోమంది. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం కష్టం. టెక్కలి, పలాస వైపువాళ్లకు ఒడియా అక్షరాలు రావు. అందుకని ఎక్కువమంది వాయిస్ మెసేజిలు పంపుతారు. రాసిన మాట అక్కర్లేదనుకుంటే కళ్లతో దాటేయవచ్చు. వాయిస్ మెసేజిలో ఏముందో వినేదాకా తెలియదు. మూడు నిమిషాల మాటలో రెండున్నర నిమిషాలు మనవరాలి పెళ్లి కబుర్లే ఉండి, చివరి అర నిమిషంలో పూండి స్టేషన్లో పాత సిగ్నల్ కేబిన్ (సిగ్నళ్లు నడిపే గది) ఎలా నడిచేదో అద్భుతంగా చెప్పి ఉండవచ్చు. "వాయిస్ మెసేజిలు నిషేధం" అని కొన్నిచోట్ల నియమం పెడతారు. పైకి విషయాన్ని కాపాడటానికే. జరిగేది ఏమిటంటే రాయడం రానివాళ్ల నోరు మూతపడుతుంది. వాళ్లలోనే కలాసీలు (రైల్వే కూలీలు), పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మెన్లు, స్టేషన్లో టీ అమ్మినవాళ్లు ఉంటారు. ఆ నియమాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. వాయిస్ మెసేజి కింద ఎవరో ఒకరు ఒక వరుసలో "పూండి కేబిన్ గురించి, చివర్లో" అని రాస్తే చాలు, మిగతావాళ్లకు తేలికవుతుంది. మా కుర్రాళ్లలో కొందరు ఆ పని చేస్తున్నారు, ఎవరూ అడగకుండానే.

పండగల దగ్గరా ఇదే తేడా కనిపిస్తుంది. రథయాత్రకు జగన్నాథుడి బొమ్మ పెడితే ఒకరు తీసేయమంటారు, సంక్రాంతి ముగ్గు పెడితే మరొకరు. ఎవరి పండగ ఉండాలి, ఎవరిది పోవాలి అనే దాకా వెళ్తుంది. అదే రథయాత్రకు గుణుపురం నుంచి పూరీకి ఏ బండి ఉంది, ఏ స్టేషన్లలో ఆగుతుంది అని పెడితే రెండు భాషల వాళ్లూ దాచుకుంటారు.

అసలు మంట మాత్రం ఎవరికి ఏ నియమం అన్న దగ్గర పుడుతుంది. గ్రూపు పెట్టినవారి స్నేహితుడు క్రికెట్ స్కోరు పెడితే నవ్వుకుంటారు, నిన్న చేరిన కుర్రాడు అదే పెడితే "రూల్స్ చదువు తమ్ముడూ" అంటారు. తెలుగులో వచ్చిన పక్కదారి మాట పది నిమిషాలు ఉంటుంది, ఒడియాలో వచ్చింది రెండు నిమిషాల్లో పోతుంది. కావాలని చేయకపోవచ్చు. మన భాషలో ఉన్న మాట మనకు కబురులా వినిపిస్తుంది, రాని భాషలో ఉన్నది చప్పుడులా వినిపిస్తుంది. దెబ్బ తగిలినవాడికి మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది. అతను అడిగేది "నాది రైలు గురించి కాదా" అని కాదు, "వాళ్లది మాత్రం అయిందా" అని. దానికి విషయం మీద వాదించి జవాబు చెప్పలేం.

అడ్మిన్ల వైపు కూడా చూడాలి. వాళ్లలో చాలామంది నియమం వెనక భయం ఉంది: ఎవరో ఏదో పెడితే పోలీసు కేసు తన మీద పడుతుందేమోనని. ఈ భయానికి కోర్టులు కొంత ఊరట ఇచ్చాయి. గోందియా జిల్లా నుంచి వచ్చిన ఒక కేసులో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, సభ్యుడు పెట్టిన మెసేజికి అడ్మిన్‌ను, వాళ్లిద్దరూ ముందుగా కలిసి అనుకున్నదైతే తప్ప, బాధ్యుణ్ణి చేయలేమని చెప్పింది. 2022లో కేరళ హైకోర్టు కూడా ఆ దారిలోనే తీర్పిచ్చింది. ఇది తెలిస్తే చాలామంది అడ్మిన్లు కాస్త నిదానంగా ఉంటారు. చేతిలో ఉన్న సాధనాలు మాత్రం మొరటువి. 2018లో అడ్మిన్లు మాత్రమే మెసేజి పెట్టే సెట్టింగ్ వచ్చింది, 2022లో ఎవరి మెసేజినైనా అందరికీ కనపడకుండా తీసేసే వీలు వచ్చింది. రెండూ నోరు మూయించేవే. మాటను పక్కకు మళ్లించేది ఒక్కటే: 2022 చివర్లో వచ్చిన కమ్యూనిటీలు. ఒకే గొడుగు కింద ఫొటోలకు ఒక గ్రూపు, ఈ రోజు బండ్ల సంగతులకు ఒకటి, కబుర్లకు ఒకటి పెట్టుకోవచ్చు. టెలిగ్రామ్‌లో ఒకే గ్రూపులో అంశాలు విడదీసుకునే ఏర్పాటూ అదే సమయంలో వచ్చింది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కబుర్ల గ్రూపును చెత్తబుట్టగా చూపిస్తే అందులోకి ఎవరూ వెళ్లరు. "ఇది ఇక్కడ కాదు, అక్కడ పెట్టుకో" అంటే గెంటేసినట్టు ఉంటుంది. అడ్మిన్ తానే ముందు అక్కడికి వెళ్లి, "మాస్టారూ, 1936 సంగతి ఇక్కడ చెప్పండి, నాకు వినాలని ఉంది" అంటే మనిషి వస్తాడు. మా దగ్గర ఊళ్లు చిన్నవి. గ్రూపులో తీసేసిన మనిషి సాయంత్రం సంతలో ఎదురవుతాడు. ఫోన్ చేసి మాట్లాడకుండా ఎవరినీ తీసేయకూడదన్నది నేను పట్టుబట్టే ఒకే ఒక్క నియమం.

ఏ కొలతా పనిచేయని సందర్భాలు ఉంటాయి. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. ఆ రెండూ మా మనుషులు ఎక్కే బండ్లు. ఆ రాత్రి గ్రూపుల్లో రెండు రకాల మెసేజిలు వచ్చాయి. "మా బావ పలాస బండిలో ఉన్నాడు, ఫోన్ తీయట్లేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అని కొందరు. ఏ సిగ్నల్ దగ్గర ఏమైంది, డ్రైవర్ ఎంత స్పీడులో వచ్చి ఉంటాడు అని ఇంకొందరు. నేను పైన చెప్పిన కొలత ప్రకారం రెండోదే రైళ్ల విషయం. కానీ బావ కోసం వెతుకుతున్న మనిషి కళ్లెదుట ఆ చర్చ సాగడం క్రూరం. ఆ రాత్రికి గ్రూపు రైళ్ల గ్రూపుగా ఉండనక్కర్లేదు. సిగ్నళ్ల చర్చ వారం తర్వాత కావాలి, చాలా లోతుగా కావాలి, ఎందుకంటే మళ్లీ అలా జరగకూడదంటే అర్థం చేసుకోవాల్సింది అదే.

రాబోయే పేచీ ఏదో కూడా కనిపిస్తోంది. గుణుపురం నుంచి తెరుబలి దాకా 73 కిలోమీటర్లకు పైగా కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదం ఇచ్చింది. అది పూర్తయితే మన లైను రాయగడ వైపు మెయిన్ లైనుకు కలుస్తుంది, గుణుపురం చివరి స్టేషన్‌గా ఉండదు. రైలు అభిమానులకు ఇంతకంటే పెద్ద వార్త లేదు. వంతెనలెక్కడ, స్టేషన్లెక్కడ అని మ్యాపులు గీసుకుంటారు. ఆ దారిలో పొలాలున్నవాళ్లూ గ్రూపులో ఉన్నారు. సర్వే రాయి ఎక్కడ పడింది, లైను వెడల్పు ఎంత తీసుకుంటారు, పరిహారం ఎప్పుడొస్తుంది అని వాళ్లు అడుగుతారు. మొదటి రెండూ రైళ్ల ప్రశ్నలు, మూడోది రెవెన్యూ ఆఫీసు ప్రశ్న. అడ్మిన్లతో నేను ఇప్పటి నుంచే చెబుతున్నాను: ఆ మూడో ప్రశ్నను తీసేయవద్దు. భూసేకరణలో పనిచేసి రిటైరైనవాళ్లు గ్రూపులో ఉన్నారు, ఆ రైతుకు ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో వాళ్లకు తెలుసు.